చింతాకు పతకం, వలందుల బిళ్ల

పదహారో శతాబ్దపు ఐరోపాలో, చరిత్రకారులు సాంస్కృతిక పునరుజ్జీవనమని పిలిచే కాలంలో, కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ నడుమ చెలరేగిన మతకలహాలు రాజ్యాలనే కుదిపివేస్తుండగా, మెడలోని నగ మనిషి ఏ పక్షంవాడో చెప్పే గుర్తయింది. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ మతశాసనాలను సడలించమని 1566లో అర్జీ పెట్టుకున్న నెదర్లాండ్స్ ప్రభువంశీకులు, తమను బిచ్చగాళ్లని ఈసడించిన మాటనే బిరుదుగా స్వీకరించి, ఒకవైపు రాజు ముఖమూ రెండోవైపు జోలె పట్టిన జంట చేతులూ ఉన్న బిళ్లలను ధరించారు. ఆ అర్జీ తర్వాత చెలరేగిన తిరుగుబాటులోంచి పుట్టిన దేశపు వర్తకులే 1605లో మచిలీపట్నం, అంటే బందరు, చేరారు. బందరు జనం వారిని వలందులన్నారు, వలందపాలెం పేరు నేటికీ ఆ మాటను మోస్తోంది.

బందరు అప్పట్లో గోలకొండ కుతుబ్‌షాహీలకు ప్రధానమైన రేవు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన వజ్రాలూ, పెగూ నుంచి ఓడల మీద వచ్చిన కెంపులూ ఆ రాజ్యపు సంపద. ఆ వంశంలో చివరివాడైన అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో (1672–1687), సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి నగలు చేయించాడన్న నేరం మీద తహసీల్దారు కంచర్ల గోపన్న గోలకొండ కోటలో ఖైదయ్యాడు. రామదాసుగా ప్రసిద్ధుడైన ఆయన చెరలో పాడాడని చెప్పే ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనను నగల వైపు నుంచి చూస్తే, అది భక్తుడి మొరతో పాటు రెవెన్యూ ఉద్యోగి అప్పగించిన లెక్కల చిట్టా కూడా అని తెలుస్తుంది: సీతమ్మకు చింతాకు ఆకారంలో మలిచిన పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, రాముడికి కలికితురాయి.

ఆ చిట్టాలో ఖరీదులు కొన్ని వరహాల్లో, కొన్ని మొహరీల్లో ఉన్నాయి. వరహా విష్ణువు వరాహావతారం పేరుతో చలామణీ అయిన దక్షిణాది బంగారు నాణెం, మొహరీ మొగలుల నాణెం. ఇక తురాయి అంటే తలపాగాకు పెట్టుకునే ఆభరణం, పేరుతో సహా పారసీక దర్బారుల నుంచి వచ్చింది. సుల్తాను తలపాగాకు అందమిచ్చే నగనే తన దేవుడి తలకు పెట్టి, ఆ ఖర్చుకు చెరపాలైన గోపన్న పాటలో కోపం మరో మతం మీద కాక రాముడి మీదికే మళ్లింది. ఎవరి సొమ్ముతో ఈ సింగారమని ఆయన నిలదీసింది ఆ దేవుణ్ణే. ఇంత సూటిగా, ఇంత చనువుగా అడిగిన మాట తెలుగు భక్తి సాహిత్యంలో అరుదు.

గోపన్నకు మేనమామలని సంప్రదాయం చెప్పే మంత్రులు అక్కన్న, మాదన్నల పెత్తనమే ఔరంగజేబు గోలకొండపై మోపిన ఫిర్యాదుల్లో ఒకటి. 1686లో ఆ అన్నదమ్ములు హత్యకు గురయ్యారు, మరుసటి ఏడు కోట మొగలుల వశమైంది. తానీషా కాలంలో మొదలయ్యాయని చెప్పే ముత్యాల తలంబ్రాలను మాత్రం నేటికీ ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వమే భద్రాచలానికి పంపుతోంది. ఆ పండుగ రోజున సీతమ్మకు అలంకరించే నగల్లో ఆ చింతాకు పతకమూ ఉంటుంది.