కంటి అంచున నారుమడి

కొల్లేటి పరిసరముల శ్రోతలకు సున్నమును పరిచయము చేయనక్కరలేదు. చేపల చెరువులలో చల్లుటకు బస్తాలకొలది వచ్చును. ఏలూరు, తాడేపల్లిగూడెము బజారులలో తమలపాకు వెంట చేతికందును. పండుగ ముందు గోడలకెక్కును. ఇంత అక్కరకు వచ్చు వస్తువు కంట బడినచో నిమిషములలో చూపును హరింపగలదు. ఆమ్లముకంటె క్షారము కంటిలో లోతుగా దిగును.

నల్లగ్రుడ్డుపై అద్దమువంటి పొర యొకటి కలదు. వైద్యులు దానిని కార్నియా అందురు. దాని పైతలము నిత్యము అరుగుచు నిత్యము క్రొత్తదగుచుండును. ఆ క్రొత్త కణములు నలుపు, తెలుపు కలియు వలయపు అంచునుండి వచ్చును; వానిని పుట్టించు మూలకణములు అచ్చటనే యుండును. డెల్టా రైతునకు అది నారుమడియని చెప్పిన చాలును. సున్నము ఆ మడిని కాల్చివేసినచో, తెల్లగ్రుడ్డు మీది పొర రక్తనాళములతో కూడ నల్లగ్రుడ్డుపైకి ప్రాకి చూపును కప్పివేయును. అట్టి కంటికి నేత్రదాత కార్నియాను మాత్రమే అతికించిన ప్రయోజనము స్వల్పము. దాత కణములు రాలిన పిదప వాని స్థానమును నింపు నారు లేదు గదా!

1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు పెల్లెగ్రిని, డి లూకా ప్రభృతులు ఇందులకు త్రోవ చూపిరి. రోగి యొక్క ఆరోగ్యముగానున్న రెండవ కంటి అంచునుండి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, దెబ్బతిన్న కంటిపై అమర్చిరి. విధానము మంచిదే, కాని అట్టి ప్రయోగశాల ఎన్ని ఊళ్లకు అందును?

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఈ ప్రశ్నకు సమాధానము వెదకినది. (ఆ పేరుగల చలనచిత్ర దర్శకులు మన ఏలూరు చెంత సోమవరప్పాడున జన్మించినవారే.) అచ్చటి డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, సహచరులు 2012లో ప్రకటించిన పద్ధతిలో ప్రయోగశాలతో పనిలేదు. మంచి కంటి అంచునుండి సుమారు 2 మిల్లీమీటర్ల చదరపు ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేయుదురు. గాయపడిన కంటిపై పెరిగిన పొరను తొలగించి, కాన్పు సమయమున లభించు ఉమ్మనీటి సంచి పొరను పరచి, దానిపై ఈ తునకలను ఎడమెడముగా వలయాకారమున జిగురుతో అతికింతురు. ఇది అచ్చముగా ఊడ్పే. కణములు కంటిమీదనే పెరిగి ఒకదానినొకటి కలియును. ఒక్క శస్త్రచికిత్సతో పని ముగియును. ఈ పొదుపే దాని గొప్పతనమని మా తలంపు.

2016లో ప్రకటితమైన లెక్కలో, కాలిన గాయములవలన ఒక కన్ను చెడిన 125 మందిలో 95 మందికి కంటి పైతలము నిలిచినది. ఆ 125 మందిలో 60 మంది పిల్లలని చదివినప్పుడు మేము కొంతసేపు పుట త్రిప్పలేకపోయితిమి.

రెండు కండ్లును చెడినవారికి త్రోవ కఠినము. బంధువుల కంటినుండి తీసినచో శరీరము త్రోసిపుచ్చకుండుటకు మందులు దీర్ఘకాలము వాడవలెను. నేత్రపటలము, దృష్టినాడి చెడినవారికి ఈ చికిత్స పనిచేయదు. మూలకణములతో సర్వనేత్రరోగములు కుదుర్తుమను ప్రకటనలను నమ్మరాదు.

సున్నము కంట బడిన తక్షణమే, ఆలోచించుచు నిలువక, శుభ్రమైన నీటిని ధారగా పోయుచు అరగంటయైనను కడుగవలెను. రెప్పలను తెరచి, మడతలలో చిక్కిన రేణువులను తడిబట్ట కొనతో తీయవలెను. నిమ్మరసము, పాలు, ఆకుపసరు పోయరాదు, కన్ను నలుపరాదు. ఆసుపత్రి ఎంత దగ్గరనున్నను, మొదట కడిగి, ఆ పిదపనే బయలుదేరవలెను.