హైదరాబాదు కొలువులో ఒక అమెరికా సైనికుడు

జూబిలీ హిల్సు, ఫిల్మ్‌నగరు ప్రాంతములలో బిడ్డలో మనుమలో అమెరికాలో ఉన్న ఇండ్లు లెక్కకు మిక్కిలి. అచ్చట పుట్టి పెరిగిన మనుమలు సెలవులకు వచ్చినప్పుడు వేయు ప్రశ్నలలో ఒకటి పెద్దలకు చిక్కు తెచ్చుచుండును. "తాతయ్యా, మన వంశంలో సైనికులెవరైనా ఉన్నారా? ఏ యుద్ధంలో పోరాడారు?" అని వారడుగుదురు. ఇది ఊసుపోక అడిగిన ప్రశ్న గాదు. వారి తోడి పిల్లలలో కొందరు తమ పూర్వుడు 1775 మొదలు 1783 వరకు సాగిన స్వాతంత్ర్య యుద్ధములో ఫలానా దళమున ఉండెనని తేదీలతో సహా చెప్పగలరు. మన పెద్దలు ముత్తాత పేరు వరకు చెప్పి ఆపై తడబడుదురు. అచ్చటివారికి సాధ్యమైనది మనకేల కష్టమైనదో, మనకును కొంతకు కొంత సాధ్యపడు మార్గమేదో ఇచ్చట వివరింపదలచినాము.

అమెరికాలో ఈ అన్వేషణ ముచ్చటగా మొదలై క్రమముగా ఒక శాస్త్రమైనది. స్వాతంత్ర్య సమర యోధుల సంతతివారిలో పురుషులు 1889లోను, స్త్రీలు 1890లోను వేర్వేరు సంఘములు స్థాపించుకొనిరి. అందులో చేరగోరువారు తమ నుండి ఆ యోధుని వరకు తరము తరమునకును రుజువు చూపవలెను. "మా అవ్వ చెప్పినది" అన్న మాట అచ్చట చెల్లదు. రుజువులకు మొదటి ఆధారము ఊరి పుస్తకము. మసాచుసెట్సు రాష్ట్రములోని ఊళ్ళు తమ జననమరణములను, వివాహములను వ్రాసి ఉంచుకొనినవి. 1849 వరకు గల ఆ పట్టికలు పిమ్మట ఊరి వారీగా అచ్చుపడినవి.

అంతకంటె ఆసక్తికరమైనది పింఛను కాగితము. 1800 నవంబరు 8వ తేదీన అమెరికా యుద్ధశాఖ కార్యాలయము కాలిపోయి, పాత సైనిక పత్రములు బుగ్గియైనవి. అయినను 1818లోను 1832లోను చేసిన పింఛను చట్టములు ఆ నష్టమును కొంత పూడ్చినవి. 1832 నాటి చట్టము ప్రకారము ముసలి సైనికుడు న్యాయస్థానములో ప్రమాణము చేసి, తానే ఊరిలో చేరినది, ఏ నాయకుని క్రింద నడచినది, ఏ యుద్ధములు చూచినది నోట చెప్పి వ్రాయింపవలసి యుండెను. వితంతువులు తమ పెండ్లికి రుజువుగా ఇంటి బైబిలులో శుభాశుభములు వ్రాసికొన్న పుటలనే చించి పంపిరి. పేదరికమే చరిత్రను వ్రాయించినదన్నమాట. ఆ కాగితములు నేడు వాషింగ్టనులోని జాతీయ పత్రాగారములో భద్రముగా ఉన్నవి.

ఇట్టి ఆధారములతో ఒక సైనికుని జాడ పట్టి చూచెదము. అతని బాట మన నగరము మీదుగా పోయినందుననే అతనిని ఎన్నుకొన్నాము.

జాన్ పార్కర్ బాయ్డు 1764 డిసెంబరు 21న మసాచుసెట్సులోని న్యూబరీపోర్టు అను ఓడరేవు పట్టణములో పుట్టినాడు. స్వాతంత్ర్య యుద్ధము ముగియునాటికి ఇరువదియేండ్లు నిండలేదు. 1786లో అప్పులపాలైన రైతులు ఆ రాష్ట్రములో తిరుగబడిన సమయమున కొత్తగా కూర్చిన సేనలో చిన్న అధికారిగా చేరినాడు. కాని అప్పటి అమెరికా సేన అతి స్వల్పమైనది. అందులో ఉండి పైకి రావలెనన్న యువకునికి ఆశ తక్కువ. 1789లో, జార్జి వాషింగ్టను మొదటి అధ్యక్షుడైన ఏట, బాయ్డు ఓడ యెక్కి హిందూదేశమునకు వచ్చినాడు.

1790 జూనులో చెన్నపట్టణము నుండి అతడు తండ్రికి వ్రాసిన జాబు నిలిచి ఉన్నది. దానిని బట్టి అతడు సిఫారసు ఉత్తరములు సంపాదించుకొని, చెన్నపట్టణమునకు నాలుగువందల యేబది మైళ్ళ దూరమున నున్న హైదరాబాదు చేరినాడు. ఇంగ్లీషు ప్రతినిధి అతనిని నిజాం ఆలీఖాను సముఖమున ప్రవేశపెట్టినాడు. ఆశించినంత ఆదరణ లభించినది. ఒక్కొక్కటి 500 మంది గల రెండు పదాతి దళములు అతని వశమైనవి. ఇరువదియైదేండ్ల యువకుడు, దేశమునకు కొత్త, ఒక్కమారుగా వేయి మందికి నాయకుడు! నిజాము వెంట లక్షన్నర కాల్బలము కదలినదని అదే జాబులో వ్రాసిన లెక్కను మాత్రము మేము నమ్మలేకున్నాము. పరదేశమున ఉన్న కొడుకు తండ్రికి వ్రాయు జాబులో సంఖ్యలు కొంత పెరుగుట సహజమే గదా!

అది మూడవ మైసూరు యుద్ధము మొదలైన సంవత్సరము. నిజాము, మరాఠాలు, ఇంగ్లీషువారు ఏకమై టిప్పు సుల్తానుపై కత్తి కట్టిరి. ఇంగ్లీషు పక్షమున గవర్నరు జనరలు కారన్‌వాలీసు. 1781లో యార్కుటౌను వద్ద అమెరికనులకు లొంగిపోయిన సేనాపతియే ఈ కారన్‌వాలీసు. ఐదేండ్లకు ఇచ్చటికి పెద్ద పదవిపై వచ్చినాడు. ఏ సేనాని ఓటమిని విని న్యూబరీపోర్టు బాలురు కేరింతలు కొట్టి యుందురో, ఆ సేనానికి మిత్రుడైన రాజు కొలువులో ఇప్పుడొక న్యూబరీపోర్టు యువకుడు జీతము పుచ్చుకొనుచుండెను.

ఆ కాలపు కిరాయి సేనలను గూర్చి ఒక మాట చెప్పవలెను. నేటి సైన్యమున తుపాకి ప్రభుత్వముది, సైనికుడు ప్రభుత్వమువాడు. నాటి దళములో చాలవరకు అన్నియు నాయకునివే. బాయ్డు తరువాత దాదాపు 500 మంది చొప్పున మూడు పటాలములను సొంత ఖర్చుతో కూర్చి, ఫిరంగులను ఏనుగులను సమకూర్చుకొని, కోరిన ప్రభువునకు కోరిన ధరకు అద్దెకిచ్చుచుండెను. నిజాము నగరములో అప్పుడు ఫ్రెంచివాడైన రేమండు బలము హెచ్చు. దానికి ఎదురు తూకముగా బాయ్డు దళమును, ఫింగ్లాసు అను ఐరిషు నాయకుని దళమును ఉండుట ఇంగ్లీషువారికి హితవుగా ఉండెను. 1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాము మరాఠాల చేతిలో ఓడినాడు. మరుసటి ఏడు బాయ్డు తన దళముతో సహా పూనా చేరి పేష్వా కొలువులో ప్రవేశించినాడు. చివరకు దళమును ఆయుధములతోను ఏనుగులతోను కూడ నేపుల్సు దేశీయుడైన ఫిలోజునకు అమ్మివేసి స్వదేశము దారి పట్టినాడు. అంగడి ఎత్తివేసినట్లే!

అమెరికాలో అతని తరువాతి జీవితము ఏటికేడు తెలియును. 1903లో అచ్చయిన హైట్‌మను గారి సైనిక నిఘంటువులో అతని నియామకములన్నియు ఉన్నవి. 1808లో నాలుగవ పదాతి దళమునకు కర్నలు. 1811 నవంబరు 7న టిప్పెకనూ వద్ద, తరువాత అధ్యక్షుడైన హారిసను క్రింద, అచ్చటి ఆదివాసులతో యుద్ధము చేసినాడు. 1812లో బ్రిగేడియరు జనరలైనాడు. 1813 నవంబరు 11న కెనడాలో క్రిస్లరు పొలము వద్ద తన సేన కంటె చిన్నదైన బ్రిటిషు సేన చేతిలో ఓడినాడు. నిందలకు సమాధానముగా 1816లో ఒక చిన్న పుస్తకము ప్రకటించుకొనినాడు. 1830 అక్టోబరు 4న బోస్టనులో మరణించినాడు. పుట్టిన దినము మొదలు పోయిన దినము వరకు అంతయు కాగితముపై ఉన్నది.

అతని క్రింద నడచిన వేయి మంది మాటయేమి? జాబులో వారి సంఖ్య యున్నది, పేర్లు లేవు. వారికి ప్రభుత్వము పింఛను ఈయలేదు గనుక ప్రమాణ పత్రములు పుట్టలేదు. దళము నాయకుని సొత్తు గనుక జీతపు పట్టిక యున్నను అది అతని సొంత చిట్టాయే. ఫిరంగులతో పాటు అదియు చేతులు మారినది. ఈ భేదమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. మన పూర్వులు వ్రాత యెరుగని వారని, చరిత్ర దృష్టి లేని వారని తేలికగా అనువారున్నారు. వ్రాయుటకు కారణము కల్పించిన ప్రభుత్వము ఒకచోట ఉండెను, వేరొకచోట లేకుండెను, అంతే.

తెలుగు సిపాయి తక్కువవాడు గాడు. 1750 దశకమున ఇంగ్లీషువారు దక్షిణాది సిపాయిలను వంగదేశమునకు కొనిపోయినప్పటి నుండి ఉత్తర హిందూస్థానమున సిపాయికి "తిలంగా" అన్నదే పేరైనది. ఒక జాతి పేరు ఒక వృత్తికి పేరైనది గాని, ఆ తిలంగాలలో ఏ ఒక్కని పేరును పిల్లల పాఠములకు ఎక్కలేదు. 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధమును మన చిత్రసీమ 1964లో "బొబ్బిలి యుద్ధం"గాను, 1986లో "తాండ్ర పాపారాయుడు"గాను తెరకెక్కించినది. పాపారాయుని పేరు ఎరుగని తెలుగువాడు లేడు. కోటగోడపై అతని ప్రక్కన నిలిచినవారి పేర్లు ఎవరికి తెలియును? నేడు ఫిల్మ్‌నగరులో తీయు యుద్ధ చిత్రమున గుఱ్ఱముపై నుండి పడు వీరుని పేరైనను చిత్రాంతమున చిన్న అక్షరములలో కనబడుచున్నది.

ఒక్క పర్యాయము మాత్రము హైదరాబాదు సిపాయిలు పత్రములలో స్పష్టముగా కనబడుదురు. రేమండు 1798 మార్చి 25న మరణించినాడు. మూసారాంబాగులో అతని సమాధి స్తంభమును నేటికిని చూడవచ్చును. అప్పటికి అతని దళము పదునాలుగు వేలకు చేరినది. ఆ సెప్టెంబరులో జరిగిన సంధిననుసరించి దళమును రద్దు చేయవలెనని ఇంగ్లీషువారు పట్టుపట్టిరి. అక్టోబరులో, రావలసిన జీతము బకాయిలకై సిపాయిలు తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించిరి. మరునాడు ఇంగ్లీషు సేన చుట్టుముట్టి, బకాయిలు ఇప్పింతుమని చెప్పి, రక్తపాతము లేకుండ ఆయుధములు విడిపించినది. పిమ్మట ఊళ్ళకు మరలినవారి సంతతివారు నేడు మన నడుమనే ఉందురు. జూబిలీ హిల్సులో ఉన్నను ఉండవచ్చును.

మరి వెదకుట ఎట్లు? ఇంటి నుండియే మొదలిడవలెను. కోస్తా, రాయలసీమ కుటుంబములలో సైనికసేవకై ఇచ్చిన అమరము, మొఖాసా భూములుండిన యెడల, 1858లో ఏర్పడిన మద్రాసు ఇనాం కమిషను వారి రిజిస్టర్లు చూడవలెను. దానము పొందిన మొదటివాని పేరు, ఇచ్చిన ప్రభువు పేరు, ఎందులకిచ్చినది, అప్పటి అనుభవదారు అతనికేమగును అన్న సంగతులు అందులో నమోదైనవి. కావలి సోదరులు కర్నల్ మెకంజీకై సేకరించిన కైఫియతులలో పాలెగాండ్ర, కోటల వృత్తాంతములున్నవి. రెడ్ల వంశావళులను పిచ్చుకుంట్లవారు తరతరములుగా గానము చేయుచు వచ్చిరి. వారు చెప్పునది యథాతథముగా రుజువు కాకపోయినను, ఊరి పేరును తరముల వరుసను పట్టి ఇచ్చును. ఊరి చివరనున్న వీరగల్లుపై వ్రాత యున్నదేమో కడిగి చూచుటకు ఖర్చేమియు లేదు.

ఇక తార్నాకలోని రాష్ట్ర పత్రాగారము. షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను పారశీక పత్రములు లక్షకు పైగా అచ్చట ఉన్నవి. వానిలో "అర్జ్-ఓ-చెహ్రా" అను తరగతి యొకటి కలదు. ఒకని గుఱ్ఱమును, ఒకని చోట మరియొకనిని చూపి జీతము కాజేయకుండుటకై, మొగలు లేఖకులు ఆశ్వికుని తనిఖీ చేసి వ్రాసికొన్న వివర పత్రములవి. పేరు, తండ్రి పేరు, తెగ, మేని చాయ, నుదురు, కనుబొమలు, ముఖముపై పుట్టుమచ్చలు, గాయపు గుర్తులు, గుఱ్ఱము రంగు, దానికి వేసిన ముద్ర - అన్నియు అందులో కనబడును. బాయ్డు ఈ నగరమునకు వచ్చుటకు నూరేండ్లకు పూర్వమే దక్కనులో ఒక సామాన్య ఆశ్వికుని ముఖము ఇంత శ్రద్ధగా కాగితము కెక్కినదన్నమాట! మోసమును అరికట్టుటకు వ్రాసినది నేడు వంశము వెదకువారికి నిధియైనది. 1950లో హైదరాబాదు దఫ్తరువారు షాజహాను కాలపు పత్రములను కొన్నింటిని ఎంచి అచ్చువేసిరి. ముందుగా ఆ సంపుటమును చూచి పోవుట మేలు.

అచ్చటికి పోవువారు ఇంటిపేరును నమ్ముకొని పోరాదు. ఆ పత్రములలో వ్యక్తిని గుర్తించునది తండ్రి పేరు. అశ్వికుడు తన సర్దారు పేరు క్రింద దొరకును గాని విడిగా దొరకడు. కావున ఏ సర్దారు, ఏ కోట, సుమారు ఏ సంవత్సరము అన్నవి ముందుగా తెలిసికొని, గొలుసుకట్టు పారశీక లిపి చదువగల వారిని వెంట తీసికొని పోవలెను.