కంటి గాయము – మూలకణముల పాత్ర

కంటి ముందుభాగమున గడియారపు అద్దమువలె అమరియున్న పారదర్శకమైన పొరను శుక్లపటలమందురు. ఇంగ్లీషులో కార్నియా, ఉర్దూలో ఖర్నియా. రెండు పేర్లకును మూలార్థ మొక్కటే: కొమ్మువంటిదని. నడుమ దీని మందము సుమారు అర మిల్లీమీటరు. దీనిలో రక్తనాళములు లేవు. ఉన్నచో వెలుతురు చక్కగా లోనికి పోజాలదు. రక్తమే ప్రసరింపని ఈ పొర గాయపడినపుడు ఎట్లు మానును? ఈ విషయమునే మేమిచట వివరింపదలచితిమి.

శుక్లపటలముపై ఐదారు వరుసల కణములతో పలుచని ఉపకళ కలదు. పైవరుస కణములు నిత్యము రాలిపోవుచుండగా, వారము పది దినములలో ఉపకళ యంతయు క్రొత్తదగును. ఈ క్రొత్త కణములు నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలియు సన్నని అంచునుండి వచ్చునని 1971లో డావాంగర్, ఎవెన్సన్ అను శాస్త్రజ్ఞులు సూచించిరి. 1986లో సన్ బృందపు పరిశోధన దానిని బలపరచినది. ఆ అంచునకు లింబస్ అని పేరు. మూలకణములు వసించునది అక్కడనే.

మూలకణమనగా తాను తరగక, ఇతర కణములను పుట్టింపగల కణము. నలుసు గీరినపుడు మొదట చుట్టుపట్ల కణములు సాగి గాయమును కప్పును. పిదప మూలకణముల సంతతి అంచునుండి నడుమకు జరిగివచ్చి లోటు పూరించును. తెల్లగుడ్డుమీది పొరయు, దాని రక్తనాళములును నల్లగుడ్డుపైకి రాకుండ కాపలా కాయునదియు ఆ అంచే.

కావున అంచును కాల్చు గాయమే మిక్కిలి ప్రమాదకరము. తాంబూలపు సున్నము పిల్లల కంట చిమ్మినపుడు సంభవించునది ఇదే. క్షారము ఆమ్లముకంటె లోతుకు చొచ్చుకొనిపోవును. మూలకణములు నశించిన కంటిపై రక్తనాళము లల్లుకొని చూపు మందగించును. అట్టి కంటికి నేత్రదాత శుక్లపటలమును మాత్రమే అమర్చినను అది నిలుచుట అరుదు. పైపొరను పునరుద్ధరించు కణములు లేవు గదా!

1989లో కెన్యన్, సెంగ్ అను వైద్యులు ఆరోగ్యమైన కంటి అంచును దెబ్బతిన్న కంటికి మార్చు విధానమును ప్రకటించిరి. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందము చిన్న తునకనుండి ప్రయోగశాలలో పొరను పెంచి అతికించినది. 2012లో మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థకు చెందిన సాంగ్వాన్, బసు మున్నగువారు ప్రయోగశాలతో పనిలేని సులభ పద్ధతిని వెల్లడించిరి. మంచి కంటినుండి రెండు మిల్లీమీటర్ల ముక్కను తీసి, ఎనిమిది పది తునకలు చేసి, దెబ్బతిన్న కంటిపై ఉమ్మనీటి సంచి పొరను పరచి, దానిమీద జిగురుతో అతికింతురు. ఆ తునకలనుండియే క్రొత్త ఉపకళ వ్యాపించును. వ్యయము తక్కువ. అయితే రెండు కన్నులును కాలినచో స్వంత కణములు దొరకవు. ఇతరుల కణములను శరీరము త్రోసిపుచ్చకుండ మందులు వాడవలసియుండును.

కావున ఆ అంచును కాపాడుకొనుటయే మేలు. సున్నపు డబ్బీలను పిల్లలకు అందనీయరాదు. కంట సున్నము పడినచో క్షణమైన ఆలసింపక, రెప్పలు విప్పి, పలుకులు తొలగునట్లు శుభ్రమైన నీటితో అరగంటసేపు ధారాళముగా కడిగి, పిమ్మట వైద్యుని చెంతకు చేర్చవలెను. మూలకణములు మిగులుటయా, నశించుటయా అనునది ఆ తొలి నిమిషములపైననే చాలవరకు ఆధారపడియున్నది.