నాలుగు కాళ్ల స్టేషన్ బండి

తెనాలిలో బయల్దేరిన రైలు రేపల్లె చేరాక ఇక ముందుకు పోదు. పట్టాలు అక్కడితో సరి. 1916లో వేసిన ఈ లైను చివర దిగినవాడు నిజాంపట్నం రేవుకు పోవాలన్నా, లంకెవానిదిబ్బకు పోవాలన్నా స్టేషను బయట ఇంకో బండి ఎక్కాల్సిందే. తాతల నాడు అది జట్కా, నాన్నల నాడు జీపు, ఇప్పుడు ఆటో.

స్టేషన్ వ్యాగన్ అన్న పేరు పుట్టింది ఇలాంటి చోటే. అమెరికాలో రైలు దిగిన మనుషుల్నీ వాళ్ల పెట్టెబేడల్నీ ఊళ్లోకి చేర్చే బండికి ఆ పేరొచ్చింది. మొదట దాన్ని గుర్రాలు లాగేవి. తర్వాత మోటారు చట్రం మీద వడ్రంగులు చెక్క పెట్టె కట్టి ఇచ్చారు. చెక్క వానకు ఉబ్బేది, ఎండకు పగిలేది. 1946లో విల్లీస్ కంపెనీ బ్రూక్స్ స్టీవెన్స్ గీసిన నమూనాతో ఆ చెక్కను తీసేసి మొత్తం ఉక్కు రేకుతో బండి చేసింది. 1949 నుంచి అదే బండిని నాలుగు చక్రాలూ ఇంజిన్ బలంతో తిరిగేలా కూడా అమ్మింది. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, సామాను పట్టే బండి, బురదకు భయపడని బండి ఆ రోజుతో ఒక్కటయ్యాయి.

బురదకు భయపడకపోవడం అంటే ఏమిటో డెల్టా మనిషికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. ఎడ్లబండి చక్రం తనంతట తాను నడవదు, ఎడ్లు లాగితే దొర్లుతుంది. అందుకే దిగబడ్డ బండికి మనుషులు చక్రం ఆకులు పట్టుకుని తిప్పుతారు. మోటారు బండిలో ఆ ఆకులు తిప్పే పని ఇంజినుది. మామూలు కారులో అది రెండు చక్రాలనే తిప్పుతుంది. మిగతా రెండూ ఎడ్లబండి చక్రాల్లాగా వెంట దొర్లేవే. నాలుగింటినీ తిప్పితే బండి బరువంతా పట్టుగా మారుతుంది. 1903లోనే నెదర్లాండ్స్‌లో స్పైకర్ సోదరులు అలాంటి కారు చేశారు. ఆలోచన అంత పాతదే అయినా మామూలు కారు రూపంలో జనానికి అందుబాటులోకి రావడానికి ఇంకో అరవై డెబ్బై ఏళ్లు ఎందుకు పట్టిందో చూస్తే, ముసలి బండిని కాపాడుకునే కిటుకంతా అందులోనే ఉంది.

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. రెండింటి మధ్య మీటరున్నర ఎడం ఉంటే పూర్తి చుట్టుకు ఆ తేడా సుమారు 9.4 మీటర్లు. చుట్టు చిన్నదైనా పెద్దదైనా తేడా అంతే. కళ్లంలో పశువుల బంతి తిప్పడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. నడిమి రాట పక్కనున్న ఎద్దు నిదానంగా అడుగులేస్తుంటే చివరనున్నది పరుగెత్తాల్సి వస్తుంది. చక్రాల మధ్య ఈ తేడాను సర్దే పళ్లచక్రాల కూర్పే డిఫరెన్షియల్. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్యూర్ 1827లో ఆవిరి బండి కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు. నాలుగు చక్రాలూ తిప్పాలంటే ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి కావాలి. అంతటితో కూడా తీరదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద చుట్టు తిరుగుతాయి కాబట్టి ఆ రెండు ఇరుసుల మధ్య కూడా ఒక సర్దుబాటు ఉండాలి.

జీపులో ఆ మూడో సర్దుబాటు లేదు. 1940లో అమెరికా సైన్యం 49 రోజుల్లో నమూనా బండి కావాలని అడిగితే బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ చేత గీయించి ఇచ్చింది. అంత తొందరలో పుట్టిన బండి అది. ముందు ఇరుసుకు ఒక పిడి పెట్టారు. బురదలో ఆ పిడి వేసుకోవాలి, గట్టి రోడ్డెక్కగానే తీసేయాలి. తీయకుండా తారు రోడ్డు మీద మలుపులు తిప్పితే రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. మహీంద్రావారు 1940ల చివర బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన జీపులూ ఈ రకమే. 1980లలో వాటికి ప్యూజో డీజిల్ ఇంజిన్ వచ్చింది. 1985లో మారుతి జిప్సీ, 1998లో టాటా సఫారీ, 2002లో స్కార్పియో వచ్చాయి. అన్నీ ఇంటి బండ్లే, ఫోర్ బై ఫోర్ కావాలన్నవాళ్లకు అదీ దొరికేది. అసలైన స్టేషన్ వ్యాగన్ ఆకారంలో టాటావారు 1992లో ఎస్టేట్ అనే బండి తెచ్చారు, అది ఎక్కువ కాలం నిలవలేదు. 2010లో వాళ్లదే ఆరియా వచ్చింది. అవసరాన్ని బట్టి ముందు వెనక చక్రాలకు బలం తనే పంచుకునే రకం కూడా అందులో ఉండేది. మంచి బండి. మన జనం దాన్ని ఆదరించలేదు. ఇప్పుడవి పాత బండ్ల బజారులో కనిపిస్తే నాకు మనసు లాగుతుంది.

నాలుగు చక్రాలనూ ఇంజినే తిప్పే మామూలు కారు కథ మాత్రం జపాన్‌ది. 1970ల మొదట్లో అక్కడి తొహోకు విద్యుత్ సంస్థకు ఒక ఇబ్బంది వచ్చింది. మంచు కొండల్లో లైన్లు చూడటానికి పోయే సిబ్బందికి జీపు తప్ప గతి లేదు, జీపులో చలి, కుదుపు. జీపులా ఎక్కేది, కారులా కూర్చోనిచ్చేది కావాలని వాళ్లు మియాగి ప్రాంతపు సుబారు డీలరును అడిగారు. ఆ డీలరు షెడ్డులోని మెకానిక్కులు ముందు చక్రాలతో నడిచే సుబారు బండి తీసుకుని, నిస్సాన్ బ్లూబర్డ్ కారు వెనక డిఫరెన్షియల్‌ను దాని వెనక బిగించారు. బండి మంచెక్కింది. కంపెనీ ఆ పనిని అందుకుని 1972 సెప్టెంబరులో లియోన్ ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్టేటును అమ్మకానికి పెట్టింది. ఇవాళ అమెరికాలో మంచు కురిసే రాష్ట్రాల్లో మన తెలుగువాళ్లు నడిపే సుబారు అవుట్‌బ్యాక్ ఆ బండి వంశమే. విజయవాడ ఆటోనగర్ షెడ్డులో పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజిన్ ఎక్కించిన చేతులకూ, మియాగిలో ఆ వెనక ఇరుసు ఎక్కించిన చేతులకూ తేడా నాకు కనిపించదు. అక్కడ ఆ పనిని ఒక కంపెనీ గుర్తించింది, అంతే.

ఇక రెండు మూడు లక్షల కిలోమీటర్లు తిరిగిన బండి సంగతి. పాత బండి కొనేవాళ్లు మొదట మీటరు చూస్తారు. నేనైతే చివర చూడమంటాను. ఇంజిన్ అరిగితే బోరింగు చేయించొచ్చు, రింగులు మార్చొచ్చు, ఆటోనగర్‌లో అది రోజూ జరిగే పని. నాలుగు చక్రాల బండిని మన నేల మీద చంపేది కిలోమీటర్లు కాదు, నీళ్లు.

ఎలాగో చెబుతాను. యాభై కిలోమీటర్లు ఆగకుండా వచ్చిన బండికి వెనక డిఫరెన్షియల్ పెట్టె, అంటే హౌసింగు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. లోపలి గాలి 70 డిగ్రీలుందనుకోండి. వానకు రోడ్డు మునిగింది, బండిని నీళ్లలోకి దింపారు, హౌసింగు 30 డిగ్రీలకు చల్లబడింది. లోపలి గాలి ఒత్తిడి దాదాపు 12 శాతం పడిపోతుంది. అంటే మీటరు పైచిలుకు లోతున మునిగితే నీళ్లెంత నెడతాయో అంత బలంతో అది బయటినుంచి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలి రావడానికీ పోవడానికీ హౌసింగు పైన బ్రీదర్ అనే చిన్న మూత పెడతారు. మన రేగడి బురద ఎండి దాన్ని మూసేస్తే ఆ పీలుడంతా ఆయిల్ సీళ్ల మీద పడుతుంది. ఆయిల్ సీలు లోపలి నూనె బయటికి పోకుండా ఆపడానికి చేసింది. బయటి నీటిని ఆపడం దానికి చేతకాదు. నీళ్లు చేరతాయి, నూనె మజ్జిగలా తెల్లబడుతుంది, ఆర్నెల్లకు బేరింగు ఏడుస్తుంది. మామూలు కారుకు ఇలాంటి పెట్టె ఒకటో రెండో ఉంటే దీనికి ముందు ఇరుసు, వెనక ఇరుసు, గేర్‌బాక్సు, బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కలిపి నాలుగు.

అందుకే ముసలి బండికి మొదటి మెరుగు ఏదంటే నేను రంగు చక్రాలూ పెద్ద లైట్లూ చెప్పను. బ్రీదర్లకు గొట్టం తొడిగి ఇంజిన్ గదిలో ఎత్తున కట్టించండి. కొద్ది మీటర్ల రబ్బరు గొట్టం, నాలుగు క్లిప్పులు, ఒక పూట పని. నీళ్లలో నడిచిన ప్రతిసారీ మర్నాడు నాలుగు పెట్టెల నూనె చూపించండి. మార్చేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదానిమీదొకటి ఒరుసుకుంటూ తిరుగుతాయి కాబట్టి దానికి గంధకపు మందు ఎక్కువగా కలిసిన జీఎల్-5 నూనె కావాలి. పాత గేరు నూనె కుళ్లిన గుడ్ల కంపు కొట్టేది అందుకే. గేర్‌బాక్సుకు జీఎల్-4 అని పుస్తకంలో ఉంటే అందులో ఈ నూనె పోయకూడదు, లోపలి ఇత్తడి రింగుల్ని అది తినేయగలదు. డబ్బాలో మిగిలింది కదా అని పోసేసిన బండ్లు ఎన్నో పాడయ్యాయి.

నీళ్ల తర్వాతి శత్రువు ఉప్పు. సూర్యలంక గాలిలో ఉప్పుంది, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల దారుల్లో కారే నీళ్లలో ఉప్పుంది. అది చట్రం మడతల్లో, బ్రేకు పైపుల మీద చేరి లోపల్నుంచి తింటుంది. బండి కింద కడగాలని అందరికీ తెలుసు, ఏ నీళ్లతో అన్నదే ఆలోచించరు. సముద్రం దగ్గరి ఊళ్లలో చాలా బోర్లలో వచ్చేదీ ఉప్పునీరే. దానితో కడిగితే ఉప్పుతో ఉప్పును కడిగినట్టే. బాపట్ల తీరం నుంచి వచ్చిన బండిని మంచినీళ్లున్న చోటికి వచ్చాకే కడగండి, కింది భాగం కడగండి. నిలవ నీరు పోవడానికి చట్రంలో పెట్టిన రంధ్రాల్లో బురద ఉంటే తీయించండి.

ఇసుక దెబ్బ వేరే చోట తగులుతుంది. ముందు చక్రం పక్కకు తిరుగుతూనే బలం కూడా అందుకోవాలి. 1920లలో ఆల్ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీరు దీనికో కీలు చేశాడు. గాడుల్లో ఆరు ఉక్కు గోళీలు, ఎంత వంచినా ఒకే వేగంతో తిరుగుతుంది. దాన్ని కాపాడేది చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు ఒక్కటే. తొడుగు చిరిగితే గ్రీజులోకి ఇసుక చేరుతుంది. ఇసుకలోని స్ఫటికం మామూలు ఇనుము కంటే గట్టిది, గాడుల్ని ఆకురాయిలా గీకేస్తుంది. మలుపులో టకటకమని చప్పుడు మొదలైతే కీలు పోయినట్టే. చప్పుడు రాకముందు తొడుగు మారిస్తే సరిపోయేది. ఒక మాట, ఇసుకలో బండి సత్తా చూడాలని తీరం మీదికి దింపకండి. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చక్రం కింద పడ్డ గూడు మళ్లీ దొరకదు.

టైర్ల విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. ఎప్పుడూ నాలుగు చక్రాలతో నడిచే బండికి ముందు రెండు కొత్తవి, వెనక రెండు పాతవి వేస్తే ఏమవుతుంది? 65 సెంటీమీటర్ల టైరు 5 మిల్లీమీటర్లు అరిగితే అడ్డుకొలత సెంటీమీటరు తగ్గుతుంది. ప్రతి కిలోమీటరుకూ పాత టైరు 7కు పైగా చుట్లు ఎక్కువ తిరగాలి, వంద కిలోమీటర్లకు 750కి పైగా. తిన్నని రోడ్డు మీద కూడా మధ్యలోని సర్దుబాటు యంత్రం ఆ తేడాను రాత్రింబగళ్లు మింగుతూ వేడెక్కి చస్తుంది. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదని చెప్పే కంపెనీలున్నాయి. కాబట్టి నాలుగూ ఒకే రకం, ఒకేసారి మార్చండి, క్రమం తప్పకుండా ముందువి వెనక్కి వేయించండి. టైర్లకు పెట్టలేని డబ్బు ట్రాన్స్‌ఫర్ కేసుకు పెట్టాల్సి వస్తుంది. రేగడి బురద కోసం మరీ వెడల్పు టైర్లు తెచ్చినా లాభం లేదు. మన బంకమట్టి నీరు తాగి ఉబ్బి గాడుల్లో అతుక్కుంటే ఎంత వెడల్పు టైరైనా నున్నటి గుండే. దమ్ముకు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలించేది అందుకే కదా. లోతు గాడులున్న టైరు, నిదానమైన కాలు ఉంటే చాలు.

పిడి వేసే రకం బండి ఉన్నవాళ్లు నెలకోసారైనా మట్టి దారిలో కాసేపు నాలుగు చక్రాలతో నడపండి. ఏళ్ల తరబడి కదలని పిడి తుఫాను రోజున కదలదు. బుష్షులు, బాల్ జాయింట్ల తొడుగులు, ఇంజిన్ మౌంటింగులు, బ్రేకు గొట్టాలు వయసుకు గట్టిపడే రబ్బరు. కిలోమీటర్లు తక్కువైనా ఇవి ముసలివవుతాయి. ఇవి కొత్తవి వేయించిన రోజున పాత బండి కొత్త బండిలా కూర్చుంటుంది. దీన్నే నేను మెరుగు అంటాను.

ఇంజిన్ మార్పిడి, ఎత్తు పెంచడం లాంటివాటికి చట్టం అడ్డుంది. కంపెనీ చేసిన మూల స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరించి చెప్పింది. 15 ఏళ్లు నిండిన సొంత బండికి ఫిట్‌నెస్ చూసి అయిదేళ్లకోసారి ఆర్సీ పొడిగిస్తారు. తనిఖీకి నిలబడాలంటే చట్రం, బ్రేకులు, పొగ బాగుండాలి. ఉన్న బండిని ఉన్నట్టు నిలబెట్టుకోవడమే దానికి మేలు.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి రాత్రి పురిటి మనిషినో ముసలివాళ్లనో తెనాలి ఆసుపత్రికి చేర్చాల్సింది మీ పాత బండే కావచ్చు. ఈసారి వాయుగుండం కబురు వినకముందే, అక్టోబరు రాకముందే బండిని ఒకసారి పైకెత్తించి బ్రీదర్లు, సీళ్లు, తొడుగులు, నాలుగు టైర్లు చూపించండి.