పులిజూదంలో జూదమెక్కడ?

హౌరా పక్కనున్న సంత్రాగాఛి మనలో చాలామందికి రైల్వే స్టేషన్ పేరుగానే తెలుసు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఉద్యోగాల కోసం తెలుగు కుటుంబాలు వెళ్లిన దారి అది. పులీమేకా, అంటే పులిజూదం, ఆడినవాళ్లు అక్కడి బాఘ్‌బందీ ఆటను చూడగానే పోల్చుకుంటారు. గీతల్లో తేడా ఉన్నా పులిని కదలకుండా కట్టేయడమే రెండింటి గురి. బెంగాలీ పేరు ఆ పనినే చెబుతుంది, మనవాళ్లు మాత్రం పులిజూదం అన్నారు. 3 పులులు, 15 మేకలు. మేకల్ని ఒక్కొక్కటిగా కూడళ్లలో పెడతారు, అవతల ఖాళీ ఉంటే పులి దూకి చంపుతుంది, దారులన్నీ మూసుకుపోతే ఓడుతుంది. గవ్వలు లేవు, పాచికలు లేవు. మరి జూదం ఎక్కడినుంచి వచ్చింది?

కూర్చుని ఆడే ఆటల్ని పెద్దలు ఆడే తీరును బట్టి కాక, అవి తెచ్చే చేటును బట్టి ఒక గాటన కట్టేవారు. పేక, చదరంగం, పాచికలు మూడూ సర్వనాశనమేనని బెంగాలీ సామెత. అందులో చదరంగానికీ మినహాయింపు లేదు! బోర్డు గేమ్ అనే అరువు మాట ఆ మచ్చను తుడిచేసింది. గీసిన గళ్లు, వాటిపై కాయలు, ఏ కాయ ఎటు కదలాలో నియమం ఉంటే అది బోర్డు గేమే. చెక్క పలకే ఉండాలని లేదు, అరుగు మీద సుద్దగీతలు చాలు. పేకాటను కూడా కలుపుకోవాలంటే టేబుల్‌టాప్ అనే ఇంకా పెద్ద మాట ఉంది. క్యారమ్స్‌కి బోర్డు ఉన్నా అది వేలిదెబ్బ ఆట. దుకాణంలో అన్నీ ఒకే అరలో పెడితే మాత్రం తప్పేమీ లేదు.

పెద్దల భయం ఉత్తదా అంటే, కాదు. భారతంలో రాజ్యం పోయింది పాచికల మీదే. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే 4, బోర్లా పడితే 8, అందులో మన తెలివేమీ లేదు. అయితే చేటు గవ్వల్లో లేదు, ఒడ్డిన సొమ్ములో ఉంది. వైకుంఠపాళి మొత్తం అదృష్టమే, అయినా పిల్లలు ఆడుకుంటే ఎవరూ జూదమనరు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా చూసింది. 2025 నాటి ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆ తూకాన్నే పక్కనపెట్టి, నైపుణ్యమున్నా లేకున్నా డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. డబ్బు ప్రమేయం లేని ఫోన్ లూడో ఆ నిషేధంలోకి రాదు.