సైనికుని పడక సంచి

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖ మెరుగదు అన్నారు మన పెద్దలు. వెచ్చని రాత్రులకు అలవాటుపడినవారు చెప్పిన మాట అది. మంచు కురిసే కొండమీద ఆ సామెత చెల్లదు. అక్కడ కొంత సుఖం లేనిదే నిద్ర రాదు. వచ్చిన నిద్ర ఒక్కొక్కప్పుడు మనిషిని తిరిగి మేలుకొననీయదు. శరీరపు వేడి తరిగిపోవుచున్నవానికి మొదట వణుకు పుడుతుంది, తరువాత మగత కమ్ముతుంది, ఆ మీదట స్పృహ తప్పుతుంది. అందుచేత మంచుకొండలలో కాపలా కాసే సైనికునికి తుపాకి ఎంత అవసరమో పడకయు అంత అవసరం.

నేడు విద్యార్థులను కొండ శిబిరాలకు తీసికొనిపోయే పాఠశాలలు అనేకం ఉన్నవి. అరకులోయలోనో, లంబసింగిలోనో గుడారాలు వేసి రాత్రి గడుపుట పిల్లలకు వేడుక. హిమాలయ యాత్రకు సాహసించే విద్యార్థులును ఉన్నారు. అటువంటి ప్రయాణానికి సామాను సమకూర్చుకొనునప్పుడు స్లీపింగ్ బ్యాగు, అనగా పడక సంచి, కొనవలసి వస్తుంది. "ఇది సైన్యం వాడే రకం" అని అంగడివాడు అన్నంతనే కొనేవాని సందేహాలన్నీ తీరిపోతవి. సరిహద్దున నిలిచే సైనికునికి చాలినది బడిపిల్లవానికి చాలదా అని అనుకొనుట సహజమే. ఆ నమ్మకంలో కొంత నిజమున్నది, కొంత పొరపాటున్నది. రెంటినీ వేరుచేసి చూచుకొనుట మంచిది.

మొట్టమొదట తెలిసికొనవలసినది ఒకటి కలదు. పడక సంచి వేడిని పుట్టించదు. వేడిని పుట్టించేది అందులో పడుకొన్న మనిషి దేహం. ఆ వేడి బయటికి పోకుండ నిలుపుటయే సంచి చేసే పని. గొర్రెల కాపరి గొంగళి చేసే పనియు అదే. తెలంగాణలో కురుమలు దక్కను గొర్రెల బొచ్చుతో నేసే నల్ల గొంగళిని కప్పుకొని మంద దగ్గర రాత్రి గడిపే కాపరికి ఈ శాస్త్రం పుస్తకం చదువకయే తెలుసు. ఉన్నిపోగుల నడుమ గాలి చిక్కుకొని కదలక నిలుస్తుంది. కదలని గాలి గుండా వేడి త్వరగా ప్రసరించదు. పడక సంచిలో ఉన్నికి బదులు బాతుల పొట్టక్రింది మెత్తని నూగు ఈకలను గాని, కృత్రిమమైన నారను గాని కూరుతారు. ఏది కూర్చినను ఫలితమిచ్చేది వాటి నడుమ నిలిచిన గాలియే.

ఇటువంటి సంచులు యుద్ధరంగం నుండి సామాన్యుల చేతికి వచ్చుట నిన్న మొన్నటి విషయం కాదు. వేల్సులోని న్యూటౌన్ పట్టణపు వర్తకుడు ప్రైస్ జోన్స్ 1876లో 'యూక్లీసియా రగ్గు' అనే ఉన్ని కంబళికి పేటెంటు పొందినాడు. మనిషి అందులో దూరి, అంచును మడిచి బిగించుకొనవచ్చును. తలక్రిందికి గాలి ఊదుకొనే రబ్బరు దిండును అందులోనే అమర్చినారు. 1877లో తురుష్కులతో పోరాడుచున్న రష్యా సైన్యం 60,000 కంబళ్లను కోరినది. కాని ప్లెవ్నా ముట్టడి ముగిసిన పిమ్మట ఆ బేరం రద్దయినది. పంపకుండ మిగిలిపోయిన కంబళ్లు 17,000. వర్తకుడు వాటిని తన సరుకుల పట్టీలో చేర్చి సామాన్య ప్రజలకు అమ్మినాడు. సైన్యానికి మిగిలినది చవుకగా దొరుకునన్న ఆశకు ఆనాడే నాంది పడినదనవచ్చును.

చవుకగా దొరికిన సంచి వెచ్చగా ఉండవలెనన్న, దానికి ఇద్దరు శత్రువులు కలరు: తేమ, నేల. తేమ చేసే కీడుకు అంటార్కిటికాలో జరిగిన ఒక యాత్ర సాక్ష్యం చెబుతుంది. కెప్టెన్ స్కాట్ బృందానికి చెందిన విల్సన్, బోవర్స్, చెర్రీ గరార్డ్ అనే ముగ్గురు 1911లో ఎంపరర్ పెంగ్విన్ పక్షి గ్రుడ్లను తెచ్చుటకై నడిశీతకాలపు చీకటిలో బయలుదేరినారు. వారివి రెయిన్‌డియర్ తోలు సంచులు. శరీరంనుండి వెలువడిన చెమట, శ్వాసలోని తేమ ఆ సంచులలోనే చేరి గడ్డకట్టినవి. చెర్రీ గరార్డ్ సంచి బయలుదేరునాడు 18 పౌన్లు, అనగా సుమారు 8 కిలోలు తూగినది. అయిదు వారాల తరువాత తిరిగివచ్చునాటికి 45 పౌన్లు, అనగా 20 కిలోలకు పైగా తూగినది. పెరిగిన బరువంతయు మంచుగడ్డయే. రాత్రి గట్టిపడిన ఆ సంచిలోనికి దూరుటయే ఒక యుద్ధమైనది. కనుక తడి బట్టలతో సంచిలో పడుకొనరాదు. తలను లోనికి ముడుచుకొని సంచిలో శ్వాస విడువరాదు. తెల్లవారగానే సంచిని తిరగవేసి ఎండలో ఆరవేయవలెను. నూగు ఈకలు తడిసినచో ముద్దకట్టి వెచ్చదనాన్ని పోగొట్టుకొంటవి. కృత్రిమ నార తడిసినను కొంతవరకు ఆదుకొంటుంది.

రెండవ శత్రువైన నేల కంటికి కనబడకుండ పనిచేస్తుంది. మనిషి బరువుక్రింద సంచి అడుగుభాగం అణగిపోతుంది. అణగినచోట గాలి నిలువదు; గాలి నిలువనిచోట వెచ్చదనం నిలువదు. ఎంత వెలపెట్టి కొన్న సంచియైనను వట్టినేలమీద పరచినచో వీపునుండి వేడిని నేల లాగివేస్తుంది. నురుగు చాపయో, గాలి పరుపో క్రింద వేసికొనుట తప్పనిసరి. అవి దొరకనిచోట ఎండుగడ్డి మందంగా పరచుకొన్నను మేలే.

ఇక నేటి సైనికుని సంచి సంగతి. అమెరికా సైన్యం 1990ల దశకంలో ప్రవేశపెట్టిన పడకలో మూడు భాగాలు కలవు. కొద్దిపాటి చలికి పలుచని ఆకుపచ్చ సంచి. తీవ్రమైన చలికి మందమైన నల్ల సంచి. ఈ రెంటిపైన గాలివానలను అడ్డగించే మూడవ తొడుగు. చలినిబట్టి ఒక్కొక్కటిగా వాడుకొనవచ్చును. మూడింటిని ఒకదానిలో ఒకటి చేర్చి గడ్డకట్టించే చలిలోనైనను పడుకొనవచ్చును. లోపల కూర్చినది కృత్రిమ నార. మొరటుగా వాడినను ఓర్చుకొనే గట్టి బట్ట, పెద్ద జిప్పు దీని సుగుణాలు. శిబిరానికి బండిలో పోయేవారికి ఇది మెచ్చదగిన వస్తువు. కాని మొత్తం బరువు నాలుగున్నర కిలోలకు పైమాటే. సైనికునికి మన్నిక ముఖ్యం. బరువు మోయుట అతని వృత్తిలో ఒక భాగం. పన్నెండేండ్ల బాలుడు ఆ బరువును వీపున వేసికొని కొండ ఎక్కినచో సగం దారిలోనే చెమటతో తడిసిపోతాడు. చెమట చలికి ఎంతటి చుట్టమో పైన చూచినాము.

సైనికుని రాత్రికి మరొక భయం కూడ ఉన్నది. 1950 నవంబరు, డిసెంబరు మాసాలలో కొరియాలోని చోసిన్ జలాశయం వద్ద సున్నకు దిగువ 30 డిగ్రీల చలిలో అమెరికా సైనికులపై చీనా దళాలు రాత్రివేళ విరుచుకుపడినవి. సంచులలో బిగించుకొని నిద్రించుచున్న కొందరు వెలుపలికి రాకమునుపే ప్రాణాలు కోల్పోయినారు. ముందు వరుసలో ఉండేవారు జిప్పు పూర్తిగా వేసికొనరాదన్న కట్టడి ఆ అనుభవంనుండి పుట్టినదే. విహారశిబిరంలో శత్రువు ఉండడు గాని నిప్పు ఉండవచ్చును. చీకటిలో, తొందరలో జిప్పు తీసికొని బయటికి రాగలుగుట ప్రతి పిల్లవానికి అలవాటు కావలెను. గుడారంలో పొయ్యి వెలిగించరాదు.

మన దేశానికి ఈ పాఠాలు పుస్తకాలలోనివి కావు. 1962 యుద్ధంలో చాలినన్ని ఉన్నిబట్టలు లేకయే మన జవానులు ఎత్తైన కొండలమీద పోరాడినారు. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం సియాచిన్‌పై కాలుమోపిన నాటినుండి అక్కడ చలియే ప్రధాన శత్రువు. సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు అది పోతుంది. 2020 ఫిబ్రవరిలో వెలువడిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక, పాతరకపు ముఖతొడుగులు, జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు కొనుటవలన మేలైన రకాల ప్రయోజనం జవానులకు దక్కలేదని పేర్కొన్నది. సైన్యానికే సరియైన సంచి ఎన్నుకొనుట ఇంత బాధ్యతతో కూడిన పని అయినప్పుడు, 'సైన్యపు సరుకు' అన్న ఒక్క మాటను నమ్మి కొనుట వివేకం కానేరదు.

కొనేవాడు చూడవలసినది సంచిమీది అంకెలను. అంతర్జాతీయ ప్రమాణాన్ని అనుసరించే సంచులపై మూడు ఉష్ణోగ్రతలు ఉంటవి. మొదటిది హాయిగా నిద్రించుటకు తగినది. రెండవది ముడుచుకొని పడుకొన్నవాడు ఓర్చుకొనగల హద్దు. మూడవది ప్రాణాపాయపు అంచు. మొదటి అంకెనే లెక్కలోనికి తీసికొనవలెను. ఒంటిమీద లోదుస్తులు, క్రింద చాప ఉన్నవనుకొనియే ఆ అంకెలు వేస్తారు. ఉపాధ్యాయులు గుర్తుంచుకొనవలసిన విశేషం మరొకటి కలదు: సైనిక సంచులకు గాని, పిల్లల సంచులకు గాని ఈ ప్రమాణం వర్తించదు. పెద్దవాని సంచిలో చిన్నపిల్లవాడు పడుకొన్నచో మిగిలిన ఖాళీని కూడ అతని చిన్న దేహమే వెచ్చజేయవలసి వస్తుంది. దుప్పటి ఉన్నంతవరకే కాళ్లు చాపుకొమ్మన్నది సామెత. ఇక్కడ కాళ్లున్నంతవరకే సంచి ఉండవలెను.

లంబసింగిలో శీతకాలపు తెల్లవారుజామున చలి సున్న దాపునకు వచ్చుట కలదు. అక్కడికి మధ్యరకపు సంచి, మంచి చాప, పొడిబట్టలు చాలును. సియాచిన్‌కు తగిన సంచిలో అక్కడ పడుకొన్నవాడు ఉక్కతో అర్ధరాత్రి లేచి కూర్చుంటాడు. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ ప్రభుత్వ గురుకుల పాఠశాలల పిల్లలే. భువనగిరి రాతికొండమీద మొదలుపెట్టి, డార్జిలింగులోను, శీతకాలపు లడాఖ్‌లోను శిక్షణ పొందిన తరువాతనే వారు ఆ శిఖరానికి బయలుదేరినారు. చలిని మెట్టుమెట్టుగా పరిచయం చేసికొనుట ఎంత అవసరమో ఆ క్రమమే చెబుతుంది.

శిబిరానికి బయలుదేరుటకు ముందు ఒక చలిరాత్రి పాఠశాల వరండాలోనే పిల్లలను తమ తమ సంచులలో పడుకొనబెట్టి చూడవచ్చును. ఎవరి చాప పలుచనైనదో, ఎవరి జిప్పు పట్టుకొన్నదో, ఎవరు చలికి వణికినారో తెల్లవారేసరికి తెలిసిపోతుంది. ఆ లోపాలను దిద్దుకొనుటకు ఊరిలో వ్యవధి ఉంటుంది, కొండమీద ఉండదు.