మంచు హాకీ జట్టులో నాయకుని స్థానము



హాకీ యనగానే మనకు పచ్చిక మైదానమును, ధ్యాన్‌చంద్ పేరును జ్ఞప్తికి వచ్చును. నేడు నేను చెప్పబోవునది ఆ ఆటను గూర్చి కాదు. కెనడా, అమెరికా దేశములలో మంచుగడ్డపై ఆడెడు హాకీ వేరొకటి కలదు. అచ్చట దానినే వృత్తిగా స్వీకరించి, జీతము పుచ్చుకొని ఆడువారున్నారు. వారి జట్లు చేరియున్న నేషనల్ హాకీ లీగు 1917వ సంవత్సరమున ఏర్పడినది. ఆ ఆటలో జట్టు నాయకునకు గల స్థానమెట్టిదో తెలిసికొనుట, ఊరిలో పదిమందికి పెద్దలై యుండు మీకు నిష్ప్రయోజనము కాదని తలంచి ఈ ప్రసంగమునకు పూనుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను నా కుమారుని చూడబోయి అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున ఒక శీతకాలము గడపితిని. ఒకనాడతడు ఈ ఆట చూపుటకై నన్ను డిట్రాయిట్ నగరమునకు తీసికొనిపోయెను. పెద్ద భవనములోపల నేలయంతయు నున్నని మంచు. ఒక్కొక్క జట్టున గోలు కాచువానితో కలిపి ఆరుగురు. వారి బూట్ల అడుగున కత్తివంటి ఉక్కురేకులు. ఆ రేకులపై జారుచు, చేతికర్రలతో నల్లని రబ్బరు బిళ్ల నొకదానిని తరుముకొనిపోవుదురు. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములు. మనిషి కన్ను త్రిప్పులోపల బిళ్ల ఈ కొసనుండి ఆ కొసకు పోవును.

ఒక ఆటగాని రొమ్మున ఇంగ్లీషు ‘సి’ అక్షరము కుట్టియుండెను. “ఆ అక్షరము గలవాడే కెప్టెను” అని కుమారుడు చెప్పెను. నాటినుండి నేనతనినే చూచుచుంటిని. అతడు కేకలు వేయలేదు, ఎవరికిని ఆజ్ఞ యిచ్చినట్లు కనబడలేదు. ఒక నిమిషమైనను కాకమునుపే గోడ దాటి బల్లపై కూర్చుండెను. ఆ యాటలో అలసట మిక్కుటమగుటచే అందరును అట్లే మారుచుందురట. ఎవరు ఎప్పుడు దిగవలెనో నిర్ణయించువాడు బల్ల వెనుక నిలిచియున్న కోచ్. “ఇతడేమి నాయకుడు? అధికారమంతయు వెనుకనున్నవానిది కదా!” యని నేనంటిని. కుమారుడు నవ్వి యూరకుండెను. ఆ ప్రశ్నకు సమాధానము నేను పిమ్మట చదివి తెలిసికొనవలసి వచ్చెను.

నిబంధనల ప్రకారము నాయకునకు దక్కు హక్కు బహుస్వల్పము. తీర్పు విషయమై సందేహము కలిగినపుడు రిఫరీతో మాటలాడవచ్చును. అంతియే. ఈ హక్కు గోలు కాచువానికి లేదు. 1948వ సంవత్సరమున మాంట్రియల్ జట్టు నాయకుడైన బిల్ డర్నన్ గోలు కాచువాడు. అతడు మాటిమాటికి తన స్థానము విడిచి రిఫరీతో వాదించుటకు పోవుచుండగా ఆట ఆగిపోవుచున్నదని ఎదుటివారు మొరపెట్టిరి. అప్పటినుండి గోలు కాచువాడు ఆ అక్షరము ధరింపరాదని నియమ మేర్పడినది. ఇక జీతములును, ఆటగాండ్ర కొనుగోళ్లును యజమానుల చేతిలోనివి. ఆట పన్నుగడ కోచ్ చేతిలోనిది. నాయకుని చేతిలో మిగిలినదేమి? తోటివారు తనను చూచి నడచుకొనుట యొక్కటే. అది ఎవరును ఈయగలిగినది కాదు, ప్రతిదినమును సంపాదించుకొనవలసినది.

దీనికి నిదర్శనముగా ఆ డిట్రాయిట్ జట్టు కథనే చెప్పెదను. దాని పేరు రెడ్ వింగ్స్. 1985-86 సంవత్సరపు పోటీలలో ఆ జట్టు 80 ఆటలాడి 17 మాత్రమే గెలిచెను. ఆ దుర్దశలో, 1986వ సంవత్సరమున, స్టీవ్ ఐజర్‌మన్ అను 21 ఏండ్ల యువకుని నాయకునిగా నియమించిరి. అతడు మితభాషి. ఆటలో మాత్రము అసాధ్యుడు. 1988-89లో తానుగా 65 గోలులు కొట్టి, మరి 90 గోలులకు తోడ్పడెను. ఊరంతయు అతని పేరే చెప్పుకొనెను. అయినను లీగునందలి అత్యున్నత బహుమానమగు స్టాన్లీ కప్పు ఆ జట్టునకు దక్కలేదు.

1993లో స్కాటీ బోమన్ అను అనుభవజ్ఞుడు కోచ్‌గా వచ్చెను. గోలులు కొట్టుటయే చాలదు, వెనుకకు వచ్చి మన గోలును కాచుటలోను పాల్గొనవలెను అని అతడు ఐజర్‌మన్‌ను కోరెను. ఇది చెప్పినంత సులభము కాదు. గోలు కొట్టినవాని పేరు పత్రికలలో పడును. వెనుకకు వచ్చి ఎదుటివాని దారి కట్టినవాని పేరు ఎవ్వరును వ్రాయరు. ఐజర్‌మన్ తన యాట మార్చుకొనెను. 1996-97లో అతని గోలులు 22 మాత్రమే. వయస్సును, కాలముతోపాటు ఆటతీరు మారుటయు కొంత కారణములే. కాని పేరు తగ్గు మార్గమున అతడు ఇష్టపడి నడచెననుట నిజము. నాయకుడే వెనుకకు వచ్చి కాచుచుండగా తక్కినవారు చేతులు ముడుచుకొని నిలువగలరా?

ఫలము వెంటనే చేతికందలేదు. 1995లో తుది పోటీకి వచ్చి న్యూజెర్సీ జట్టు చేతిలో వరుసగా నాలుగాటలు ఓడిరి. మరుసటి యేడు 82 ఆటలలో 62 గెలిచియు తుదిపోటీకి చేరకయే వెనుదిరిగిరి. 1997 జూన్ 7వ తేదీన ఫిలడెల్ఫియా జట్టును ఓడించి, 42 ఏండ్ల పిమ్మట కప్పును డిట్రాయిట్‌నకు తెచ్చిరి. దీనికంతకును నాయకు డొక్కడే కారణమనుట పొరపాటు. ఆ జట్టున గొప్ప ఆటగాండ్రు పెక్కురుండిరి. అట్టి పెక్కురిని ఒక్క త్రాటిపై నిలుపుటయే నాయకుని పని.

ఆ సంతోషము ఆరుదినములే నిలిచినది. జూన్ 13వ తేదీన జరిగిన కారు ప్రమాదమున ఆ జట్టులోని వ్లదిమీర్ కాన్‌స్టాంటినోవ్ అను రష్యా దేశస్థుడును, జట్టువారికి ఒడలు మర్దనచేయు ఉద్యోగియు తలకు తీవ్రమైన గాయములు తగిలి బ్రదుకుటయే కష్టమైరి. కాన్‌స్టాంటినోవ్ మరల ఆడలేదు. మరుసటి యేడు జట్టువారందరును వారిరువురి పేర్ల అక్షరములుగల గుర్తును చొక్కాపై ధరించి ఆడి, 1998 జూన్ 16వ తేదీన వాషింగ్టన్ జట్టుపై గెలిచి మరల కప్పు నందుకొనిరి.

ఇచ్చట ఒక ఆచారమును చెప్పవలెను. కప్పును మొట్టమొదట నాయకుని చేతికిత్తురు. అతడు దానిని పైకెత్తి, పిదప తాను కోరినవానికి అందించును. ఆ రెండవవాడెవడగునో యని వేలమంది చూచుచుందురు. నాడు కాన్‌స్టాంటినోవ్‌ను చక్రముల కుర్చీలో మంచుపైకి తీసికొని వచ్చిరి. ఐజర్‌మన్ కప్పును కొనిపోయి అతని యొడిలో నుంచెను. తోటివారు ఆ కుర్చీని త్రోయుచు మైదానమంతయు త్రిప్పిరి.

2001లో కొలరాడో జట్టు గెలిచినపుడు నాయకుడు జో సాకిక్ ఇంకొక మెట్టు పైకి పోయెను. 22 ఏండ్లు ఆడియు కప్పు నెన్నడును పొందనివాడు రే బోర్క్ ఆ జట్టున నుండెను. సాకిక్ కప్పు నందుకొని, తానెత్తకయే, తిన్నగా బోర్క్ చేతికిచ్చెను.

ఐజర్‌మన్ 2002లో చెడిన మోకాలితోనే ఆడి, నాయకునిగా మూడవసారి కప్పు నందుకొని, ఆ వేసవిలోనే మోకాటికి పెద్ద శస్త్రచికిత్స చేయించుకొనెను. 2006లో ఆట విరమించునప్పటికి సుమారు 20 ఏండ్లు ఒకే జట్టునకు నాయకుడై యుండెను. ఆ లీగున అప్పటికి అంతకాలము ఒక జట్టు నాయకత్వము వహించినవాడు మరొకడు లేడు.

ఇవన్నియు చదివిన పిమ్మట నాకు నా సంగతి జ్ఞప్తికి వచ్చెను. ఒకప్పుడు మా యూరి చెరువు నీటి పంపకమునకు నేను పెద్దగా నుంటిని. ఆ రోజులలో తూము ఎత్తగానే మొదటి నీరు నా మడికే పారెడిది. నేనడుగలేదు, ఎవరును కాదనలేదు. పెద్దవానికి అది మర్యాద యనుకొంటిని. కాలువ కొసనున్నవారు నా మాట వినకపోవుట చూచి, ఊరిలో కట్టుబాటు చెడినదని నొచ్చుకొనెడివాడను. లోపము కొసనున్నవారిదా, మొదటనున్న నాదా యని నాడు తోచలేదు.

పెద్దలారా, రొమ్మున అక్షరము కుట్టించుకొనుట క్షణములో పని. మన చేతికి మొదట వచ్చినదానిని పిదప ఎవరికందింతుమో ఊరంతయు చూచుచుండును. వారు మనలను పెద్దలనుటయు, మానుటయు దానిని బట్టియే యుండును.